అసలు పుస్తకం మీద కలం పెట్టే ముందు

మీ బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఎప్పుడైనా చూశారా? హెడ్మాస్టరు గారి గదిలో, తాళం వేసిన బీరువాలో, అంచులకు గుడ్డ అంటించిన లావుపాటి పుస్తకం ఉంటుంది. మీరు బడిలో చేరిన రోజున మీ పేరు, మీ నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, ఆఖరికి మీ పుట్టుమచ్చలు కూడా అందులోకి ఎక్కాయి. రేపు మీ పదో తరగతి సర్టిఫికెట్టు మీద అచ్చయ్యే తేదీ ఆ పుస్తకంలోంచి వచ్చేదే.

అందుకే గుమాస్తా గారు ఆ పుస్తకంలో ఒక్క అక్షరం రాయాలన్నా తొందరపడరు. ముందు ఓ చిత్తు కాగితం మీద రాసుకుంటారు. మీ అమ్మగారికో నాన్నగారికో చదివి వినిపిస్తారు. సరే అన్నాకనే సాపు రాస్తారు. అప్పటికీ తప్పు పడితే దాన్ని చెరిపెయ్యరు. ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన సరైనది రాసి, హెడ్మాస్టరు గారి సంతకం పెట్టిస్తారు. గీత కింద పాత రాత కనబడుతూనే ఉంటుంది.

గీత కింద పాత రాత కనబడుతుందన్న సంగతి కాస్త గుర్తుంచుకోండి. మనం చెప్పుకోబోయే కథకు అది అవసరం.

ఇప్పుడు ఇలాంటి పుస్తకాలన్నీ కంప్యూటర్లలోకి వెళ్లిపోయాయి. రైలు రిజర్వేషన్లు, బ్యాంకు ఖాతాలు, కరెంటు బిల్లులు, ఆసుపత్రి చీటీలు అన్నీ అక్కడే. ఇలా ఒక పద్ధతిగా పేర్చి దాచిన సమాచారాన్ని డేటాబేసు అంటారు. చాలా డేటాబేసుల్లో సమాచారమంతా పట్టికల రూపంలో ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో అడ్డు వరస, ఒక్కో వివరానికి ఒక్కో నిలువు వరస. చూడటానికి మన హాజరు పట్టీ లాగే ఉంటుంది. ఈ పట్టికల ఏర్పాటుకు గణిత పునాది వేసినవాడు ఎడ్గార్ కాడ్. ఐబీఎం కంపెనీలో పనిచేస్తూ 1970లో ఆయన ప్రచురించిన వ్యాసమే ఈనాటికీ మూలం.

రిజిస్టరుకీ డేటాబేసుకీ ఒక పెద్ద తేడా ఉంది. బీరువాలోని పుస్తకాన్ని ఒకరు తెరిస్తే రెండోవారు ఆగాలి. డేటాబేసులో అలా కాదు. మీరు విజయవాడలో బెర్తు కోసం చూస్తున్న క్షణంలోనే గుంతకల్లులో ఒకరు టిక్కెట్టు కొంటుంటారు, కాజీపేటలో ఇంకొకరు రద్దు చేసుకుంటుంటారు. పగలూ రాత్రీ ఎవరో ఒకరు అందులో రాస్తూనే ఉంటారు. అలాంటి దానిలో మార్పు చెయ్యాలంటే నడుస్తున్న బస్సుకు చక్రం మార్చినట్టే.

మరి మార్చక తప్పుతుందా? తప్పదు. కొత్త వివరం కోసం కొత్త నిలువు వరస చేర్చాలి. తప్పుపడ్డ తేదీ దిద్దాలి. రెండుసార్లు ఎక్కిన పేరు ఒకటి తీసెయ్యాలి. ఈ పనులు చేసేది మనలాంటి మనుషులే. వాళ్లకూ నిద్ర వస్తుంది, ఆకలేస్తుంది, ఇంటికి వెళ్లే బస్సు తప్పిపోతుందన్న కంగారు ఉంటుంది.

అందరికీ ఒకేరోజు పుట్టినరోజు!

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఒక బడిలో 812 మంది పిల్లలున్నారనుకోండి. అడ్మిషన్ నంబరు 4217 గల అబ్బాయి పుట్టిన తేదీ తప్పుపడింది. దాన్ని దిద్దమని కంప్యూటరుకు చెప్పాలి. డేటాబేసులతో మాట్లాడటానికి ఎస్‌క్యూఎల్ అనే భాష ఉంది. ఆ భాషలో మన ఆజ్ఞ దాదాపు ఇలా ఉంటుంది: ‘విద్యార్థుల పట్టికను మార్చు, పుట్టిన తేదీని 14 జూన్ 2011 చెయ్యి, ఎక్కడంటే, అడ్మిషన్ నంబరు 4217 ఉన్నచోట.’

ఆ చివరి ముక్క చూశారా, ‘ఎక్కడంటే’ అన్నది? ఎస్‌క్యూఎల్‌లో దానికి ‘వేర్’ అనే మాట వాడతారు. రాసేవాడు ఆ ముక్క మరిచిపోయాడనుకోండి, కంప్యూటరు ‘ఎవరికి బాబూ?’ అని అడగదు. ఆజ్ఞలో తప్పేమీ లేదు మరి! ఎక్కడ అన్నది చెప్పకపోతే అన్నిచోట్లా అనే దాని అర్థం. రెప్పపాటులో 812 మందికీ 14 జూన్ 2011 పుట్టిన తేదీ అయిపోతుంది. ‘812 వరసలు మార్చాను’ అని చల్లగా జవాబు కూడా చెబుతుంది.

ఇక్కడ ఎర్ర సిరా గీత లేదు. పాత తేదీలు గీత కింద కనబడవు. వాటి స్థానంలో కొత్తవి వచ్చి కూర్చున్నాయి.

దీనికి విరుగుడు కొంతవరకు డేటాబేసుల్లోనే ఉంది. ‘ఇప్పుడు మొదలుపెడుతున్నాను’ అని ముందే చెప్పి ఆజ్ఞ ఇస్తే, ఆ మార్పు పెన్సిలు రాతలా ఉంటుంది. బాగుందనుకుంటే ‘కమిట్’ అంటాం, సిరాతో ఖాయం చేసినట్టు. బాగాలేదనుకుంటే ‘రోల్‌బ్యాక్’ అంటాం, రబ్బరుతో చెరిపినట్టు. ఈ పద్ధతిని ట్రాన్సాక్షన్ అంటారు. దీని మీద ఎంతో కృషి చేసిన జిమ్ గ్రే అనే శాస్త్రవేత్తకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి లభించింది. కంప్యూటర్ శాస్త్రంలో అది నోబెల్ బహుమతి అంతటిది.

‘అయితే ఇంకేం, రబ్బరు చేతిలో ఉండగా అసలు పుస్తకం మీదే సాధన చెయ్యొచ్చు కదా!’ అంటారు మీలో కొందరు. మంచి ప్రశ్నే. కాని మీరు పెన్సిలు రాత రాసి, తల గోక్కుంటూ ఆలోచిస్తున్నంతసేపూ ఆ వరసలకు తాళం పడి ఉంటుంది. వాటిని మార్చాలనుకునే మిగతావాళ్లంతా మీ వెనక బారు తీరి నిలబడాల్సిందే. ఇంకోటి, మీ మార్పు చూసి వేరే కార్యక్రమం ఏదైనా ఎవరికో ఉత్తరం పంపేసిందంటే ఏ రబ్బరూ దాన్ని వెనక్కి తేలేదు. ఇక ఆ డేటాబేసు ఉన్న ఫైళ్లనే ఎవరైనా తీసేస్తే? రబ్బరు కూడా ఆ పుస్తకంతోపాటే పోయినట్టు.

అందుకే చిత్తు పుస్తకం ఉండాలి.

చిత్తు ఎలా ఉండాలి?

చిత్తు పుస్తకం అంటే అసలు డేటాబేసుకు వేరే యంత్రం మీద చేసి పెట్టుకున్న నకలు. దీన్ని ఉంచే చోటును కంప్యూటరు పనివాళ్లు ‘స్టేజింగ్’ అంటారు. మార్పు ఏదైనా ముందు అక్కడ చేసి, ఏం జరిగిందో చూసి, తర్వాతే అసలు దగ్గరకు వెళతారు. అమ్మ కొత్త చీరను నీళ్లలో వేసే ముందు కొంగు మూల తడిపి రంగు పోతుందేమో చూస్తుందే, అలాంటిదే ఇదీ. కాకపోతే కొంగు మూల అదే చీరలోది. రంగు పోతే ఆ మూల పోయినట్టే. డేటాబేసు పనివాళ్లకు అచ్చం అలాంటి చీర ఇంకొకటి ఉంటుంది.

నకలులో పది పేర్లు రాసుకుంటే చాలదా? చాలదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. పట్టికలో ఒకే మనిషి రెండుసార్లు ఎక్కాడేమో కనిపెట్టాలనుకోండి. తెలివితక్కువ పద్ధతిలో చేస్తే ప్రతి వరసనూ మిగతా అన్ని వరసలతో పోల్చాలి. 10 వరసలుంటే 45 పోలికలు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతాయి. మీరు చంకలు గుద్దుకుంటారు. అదే ఆజ్ఞను 10 లక్షల వరసల మీద నడిపితే సుమారు 50 వేల కోట్ల పోలికలు! సెకనుకు కోటి పోలికలు చేసే యంత్రమైనా దాదాపు 14 గంటలు కూర్చోవాలి. ఈలోగా రిజర్వేషను కౌంటరు దగ్గర జనం ఊరుకుంటారా? అందుకని నకలు అసలంత పెద్దదిగా ఉంటేనే ఈ బండారం ముందుగా బయటపడుతుంది.

పరిమాణం ఒక్కటే కాదు. అసలు పుస్తకంలో ఉండే అవకతవకలు కూడా నకలులో ఉండాలి. మనం కూర్చుని కల్పించిన పేర్లు ముచ్చటగా ఉంటాయి. నిజం పేర్లు అలా ఉండవు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు పొడి అక్షరాలే రాస్తారు. ఒకరికి పుట్టిన తేదీ ఖాళీ, ఇంకొకరిది ఫిబ్రవరి 29. కార్యక్రమాలు తడబడేది ఇలాంటి చోట్లే. డేటాబేసును నడిపే సాఫ్ట్‌వేరు కూడా రెండుచోట్లా ఒకే కూర్పు అయి ఉండాలి. ఈ చిన్న విషయం ఎంత కొంప ముంచుతుందో కాసేపట్లో చూస్తారు.

ఇన్ని విషయాల్లో నకలు అసలులా ఉండాలని చెప్పుకున్నాం. రెండు విషయాల్లో మాత్రం అసలులా అస్సలు ఉండకూడదు.

మొదటిది, అందులో నిజం మనుషుల గుట్టు ఉండకూడదు. అసలు పుస్తకం బీరువాలో ఉంటుంది. చిత్తు కాగితం బల్ల మీద పడి ఉంటుంది, పదిమంది చూస్తారు. కాబట్టి పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు మార్చేసి ఉంచాలి. ఇది అనుకున్నంత సులువు కాదు. 4217 నంబరును విద్యార్థుల పట్టికలో 9003 అని మార్చి, మార్కుల పట్టికలో మార్చడం మరిచిపోతే ఆ అబ్బాయికి మార్కులే లేకుండా పోతాయి. మార్పు అన్ని పట్టికల్లోనూ ఒకేలా జరగాలి.

రెండోది, నకలు మూగదై ఉండాలి. అంటే దాని మాట బయటి ప్రపంచానికి వినిపించకూడదు. 2021 జూన్ 17న అమెరికాలో హెచ్‌బీవో మ్యాక్స్ అనే వినోద సంస్థ చందాదార్లలో చాలామందికి ఒక వింత ఉత్తరం అందింది. పైన ‘పరీక్షా ఉత్తరం నంబరు 1’ అన్న అర్థం వచ్చే శీర్షిక ఉంది. లోపల చూస్తే, ఇది పరీక్షలకు మాత్రమే వాడే నమూనా అన్న ఒక్క వాక్యం తప్ప ఇంకేమీ లేదు! లోలోపల జరగవలసిన పరీక్ష బయటికి పొక్కింది. ఆ పొరపాటు చేసింది ఒక శిక్షణార్థి అని సంస్థ ఒప్పుకుంది. జనం కోప్పడలేదు సరికదా, ఆ శిక్షణార్థిని ఓదారుస్తూ తాము చేసిన పొరపాట్లు చెప్పుకుని నవ్వుకున్నారు. ఒక్క వాక్యపు ఉత్తరం కాబట్టి సరిపోయింది. ‘మీ ఖాతాలో డబ్బు లేదు’ అన్న ఉత్తరమైతే నవ్వేవారు కాదు.

ఇంకొక చిక్కు ఉంది. రాస్తూ ఉన్న పుస్తకానికి నకలు తీయడం ఎలా? మొదటి పేజీ చూసి రాసి, నూరో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీ మారిపోయి ఉంటుంది. అన్ని పేజీలూ ఒకే క్షణానివి కాకపోతే ఆ నకలు ఎందుకూ పనికిరాదు. దీనికి ‘స్నాప్‌షాట్’ అనే ఉపాయం ఉంది. ఫోటో తీసినట్టన్నమాట. ఆ క్షణాన నిజానికి ఏ పేజీనీ ఎత్తిరాయరు. ‘ఇక మీదట ఏ పేజీలోనైనా కొత్తది రాసే ముందు, పాత పేజీని తీసి పక్కన పెట్టు’ అని మాత్రం యంత్రానికి చెబుతారు. మారిన పేజీలు పక్కన ఉంటాయి, మారనివి పుస్తకంలోనే ఉంటాయి. రెండూ కలిపి చదివితే ఆ క్షణంనాటి పుస్తకం మొత్తం మన కళ్ల ముందుంటుంది. పని మొదలుపెట్టడానికి క్షణం చాలు. తర్వాత తీరిగ్గా దాన్ని వేరే యంత్రంలోకి ఎక్కించుకోవచ్చు.

ఒక సాయంత్రం, ఒక అర్ధరాత్రి

ఇప్పుడు నేను చెప్పబోయేది కల్పిత కథ కాదు. గిట్‌ల్యాబ్ అనే సంస్థ తనకు జరిగిన నష్టాన్ని దాచుకోకుండా, గంట గంటకూ ఏం జరిగిందో లోకానికి రాసి చూపించింది. అందుకే మనకింత వివరంగా తెలిసింది.

ప్రపంచం నలుమూలల్లో ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ రాతలను దాచుకుని, ఒకరివి ఒకరు చూసి వ్యాఖ్యలు రాసుకునే చోటు అది. ఆ వ్యాఖ్యలూ, సభ్యుల వివరాలూ అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఉండేవి. అసలు డేటాబేసు ఒక యంత్రం మీద ఉండేది. దీన్ని ‘ఒకటో యంత్రం’ అందాం. పక్కనే ‘రెండో యంత్రం’. ఒకటో యంత్రంలో రాసిన ప్రతిదాన్నీ చూసి వెంటనే తనలో రాసుకోవడం దాని పని. ఒకటోది పాడైతే రెండోది ఆదుకుంటుందని ఈ ఏర్పాటు.

2017 జనవరి 31. లండన్ గడియారంలో సాయంత్రం 5 గంటల 20 నిమిషాలు. అక్కడి ఇంజనీరు ఒకాయన డేటాబేసు మీది భారాన్ని చాలా యంత్రాలకు పంచే కొత్త పద్ధతి పరీక్షించాలనుకున్నాడు. నేరుగా అసలు మీద చెయ్యలేదు. బుద్ధిమంతుడిలా స్టేజింగ్‌లో చేద్దామనుకున్నాడు. అక్కడి నకలు కాస్త పాతబడింది. రోజుకోసారి తనంతట తానే కొత్త స్నాప్‌షాట్ తయారవుతుంది కాని, ఆయన దానికోసం ఆగలేదు. అసలు డేటాబేసుకు అప్పటికప్పుడు స్వయంగా ఒక స్నాప్‌షాట్ తీసి స్టేజింగ్‌లోకి ఎక్కించాడు. మామూలు పని. ఆ సాయంత్రం దాన్ని ఎవరూ పట్టించుకుని ఉండరు.

7 గంటల ప్రాంతంలో డేటాబేసు మీద ఒత్తిడి విపరీతంగా పెరిగింది. చెత్త రాతలు గుప్పించేవాళ్ల దాడి దానికి ఒక కారణమని తేలింది. 11 గంటలకు రెండో యంత్రం వెనకబడిపోయింది. ఒకటోది రాసే వేగాన్ని అందుకోలేక చివరికి రాయడమే ఆపేసింది. ఇంజనీరు ఇంటిపని చూసుకోవలసిన వేళ అది. అయినా ఉండిపోయాడు.

రెండో యంత్రంలో ఉన్నదంతా తీసేసి, ఒకటో యంత్రం నుంచి మొత్తం మళ్లీ ఎక్కించడమే దారి. ఆజ్ఞ ఇచ్చాడు. యంత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. మళ్లీ ఇచ్చాడు. మళ్లీ అంతే. నిజానికి అది పాడవలేదు. ఒకటో యంత్రం పంపడం మొదలుపెడుతుందని ఎదురుచూస్తోంది. ఎదురుచూస్తున్నానని ఒక్క ముక్క చెబితే కథ మరోలా ఉండేది. చెప్పలేదు. ఇంజనీరు ఏమనుకున్నాడంటే, రెండో యంత్రంలో డేటా ఉంచే ఫోల్డరు ఇంకా మిగిలి ఉంది, అదే అడ్డుపడుతోంది, దాన్ని పూర్తిగా తీసేద్దాం అనుకున్నాడు.

11 గంటల 30 నిమిషాలు కావస్తోంది. మన దేశంలో అప్పుడు ఫిబ్రవరి 1 తెల్లవారుజాము 5 గంటలు. ఫోల్డరు తీసెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లు గడిచాయి. అప్పుడు చూసుకున్నాడు. తాను ఆజ్ఞ ఇచ్చింది రెండో యంత్రానికి కాదు. ఒకటో యంత్రానికి!

తెర మీద రెండు యంత్రాల పేర్లకూ తేడా ఒక్క అంకె. ఒకదాని పేరు డీబీ1తో మొదలవుతుంది, ఇంకొకదానిది డీబీ2తో. తక్కినదంతా ఒకటే.

వెంటనే ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్ల డేటాలో 4.5 గిగాబైట్లే మిగిలింది.

ఇంత డేటా రెండు సెకన్లలో ఎలా పోతుందని మీకు అనుమానం రావచ్చు. ఫైలును తీసెయ్యమంటే కంప్యూటరు అందులోని ప్రతి అక్షరాన్నీ చెరుపుతూ కూర్చోదు. ఏ ఫైలు డిస్కులో ఎక్కడెక్కడుందో చెప్పే జాబితా ఒకటుంటుంది. ఆ జాబితాలోంచి పేరు కొట్టేస్తుంది, ఆ స్థలం ఖాళీ అని రాసుకుంటుంది. గ్రంథాలయంలో పుస్తకాలు తగలబెట్టనక్కర్లేదు, కేటలాగు చింపేస్తే చాలు కదా! పోగొట్టుకోవడం అందుకే అంత త్వరగా అవుతుంది.

‘పోతే పోయింది, వేరేచోట దాచిన ప్రతులుంటాయి కదా’ అని అందరూ వెతకడం మొదలుపెట్టారు. రెండో యంత్రం అప్పటికే ఖాళీ. రోజుకోసారి మొత్తం డేటాబేసును ఎత్తిరాసి దూరంగా దాచే ఏర్పాటు ఉంది కదా? తెరిచి చూస్తే అక్కడ ఏమీ లేదు! అసలు డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 9.6 కూర్పు మీద నడుస్తోంది. ఎత్తిరాసే కార్యక్రమం మాత్రం 9.2 కూర్పుది. రెంటికీ పొసగక, అది రోజూ పని చెయ్యలేక ఆగిపోతోంది. మరి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదా? పాపం, చెప్పింది. తప్పు జరిగిందని ఉత్తరాలు పంపుతూనే ఉంది. ఆ ఉత్తరాల మీద ఉండవలసిన కంప్యూటరు సంతకం లేదని, తీసుకునే వైపు యంత్రం వాటిని తిరగ్గొట్టింది. డిస్కు మొత్తానికి ఫోటో తీసి ఉంచే మరో సదుపాయం వేరే యంత్రాలకు పెట్టారు కాని, డేటాబేసు యంత్రాలకు పెట్టలేదు. నకళ్లు దాచే ఏర్పాట్లు మొత్తం ఐదు ఉంటే, ఏ ఒక్కటీ నమ్మదగినట్టు పనిచేయడం లేదని ఆ రాత్రే వాళ్లు బహిరంగంగా రాసుకున్నారు. నకలు ఉందనుకోవడం వేరు. దాన్నొకసారి తెరిచి, తిరిగి నిలబెట్టి చూసుకోవడం వేరు.

అప్పుడు గుర్తుకొచ్చింది, సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు తీసిన స్నాప్‌షాట్! చిత్తు పని కోసం, పరీక్ష కోసం తీసుకున్న ఆ నకలు స్టేజింగ్‌లో చెక్కుచెదరకుండా ఉంది. అది లేకపోతే దాదాపు 24 గంటలనాటి పాత నకలుతో సరిపెట్టుకోవలసి వచ్చేది. ఉండబట్టి నష్టం 6 గంటలకు తగ్గింది. ఆ సాయంత్రం పరీక్ష కోసం ఆ నకలు తీసిందీ, అర్ధరాత్రి పొరపాటున అసలును చెరిపిందీ ఒకే మనిషి.

నకలు దొరికింది కాని ప్రాణం కుదుటపడటానికి ఇంకా చాలా టైము పట్టింది. చిత్తు పనికి కదా అని స్టేజింగ్ యంత్రాలకు చవకరకం, నెమ్మదిగా పనిచేసే డిస్కులు పెట్టారు. రెండు సెకన్లలో పోయినదాన్ని వెనక్కి తేవడానికి సుమారు 18 గంటలు పట్టింది. అంతసేపూ ఆ సంస్థ తన పనిని యూట్యూబులో ప్రత్యక్షంగా చూపిస్తూ వచ్చింది. వేలమంది కూర్చుని చూశారు, సలహాలు చెప్పారు. క్రికెట్ మ్యాచ్ చూసినట్టు ఫైళ్లు కాపీ అవడం చూడటమేమిటని నవ్వొస్తుంది కాని, ఆ చూసేవాళ్లలో చాలామంది అలాంటి పనే చేసే మనుషులు. వాళ్ల గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో ఊహించుకోండి.

ఇందులో మరో తమాషా ఉంది. నకలు మూగదై ఉండాలని చెప్పుకున్నాం కదా? వాళ్లూ ఆ జాగ్రత్త పడ్డారు. ఏదైనా మారినప్పుడు బయటి యంత్రాలకు కబురు పంపే ఏర్పాట్లను, స్టేజింగ్‌లోకి ఎక్కించేటప్పుడు తీసేసేవారు. మంచి పనే. ఇప్పుడు ఆ మూగ నకలే అసలు స్థానంలోకి వచ్చింది కాబట్టి దానికి మళ్లీ మాటలు నేర్పవలసి వచ్చింది. ఆ ఏర్పాట్లను వేరేగా వెతికి తెచ్చి కలిపారు. ఫిబ్రవరి 1 సాయంత్రం లండన్ గడియారంలో 6 గంటలకు పని పూర్తయింది.

సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త సభ్యుల ఖాతాలు తిరిగి రాలేదు. ప్రోగ్రాముల మూలప్రతులు డేటాబేసు బయట ఉండటం వల్ల వాటికి ఏమీ కాలేదు. పొరపాటు చేసిన ఇంజనీరు పేరును సంస్థ తన నివేదికలో రాయలేదు. ‘ఒకటో సభ్యుడు’ అని మాత్రమే రాసింది. తప్పు ఒక మనిషి వేలిది కాదని, అంత సులువుగా తప్పు జరగనిచ్చిన ఏర్పాటుదని వాళ్లు తీర్మానించారు. ఏ యంత్రం ముందు కూర్చున్నామో తెర మీద స్పష్టంగా కనబడేలా మార్చుకోవాలని జాబితాలో రాసుకున్నారు. నాకైతే ఆ నివేదికలో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

కవలల్లో ఒకరికే పరీక్ష

గిట్‌ల్యాబ్ కథలో నకలు రక్షించింది. నకలు మీద పరీక్ష జరిపి కూడా దెబ్బతిన్నవాళ్లున్నారు. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన 50 లక్షల పైచిలుకు ఖాతాదార్ల వివరాలను పాత కంప్యూటర్ల నుంచి కొత్త కంప్యూటర్లకు మార్చింది. శని, ఆదివారాల్లో పని ముగించింది. డేటా క్షేమంగానే చేరింది. కాని సేవలు తెరిచాక కొత్త వ్యవస్థ కుప్పకూలింది. గరిష్ఠంగా 19 లక్షలమంది తమ ఖాతాలు తాము తెరవలేకపోయారు. కొందరికి ఇతరుల ఖాతాలు కనబడ్డాయి. మామూలు స్థితికి రావడానికి నెలలు పట్టింది. 2022 డిసెంబరులో ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా పడింది.

పరీక్షలు చేయలేదా అంటే, చేశారు. ఆ బ్యాంకుకు కవలల్లాంటి రెండు కంప్యూటరు కేంద్రాలున్నాయి. రెండూ కలిసి పనిచెయ్యాలి. జనం ఒత్తిడిని తట్టుకుంటుందా అన్న పరీక్షలు మాత్రం ఒక్క కేంద్రంలోనే జరిపారని తర్వాత విచారణలో బయటపడింది. రెండోదీ అచ్చం మొదటిదానిలాగే ఉంటుందనుకున్నారు. అలా లేదు.

మీరూ చేసి చూడండి

మీ బడి కంప్యూటరులో పైథాన్ ఉందా? ఉంటే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు కూడా దానితోపాటే వచ్చి ఉంటుంది. మీ ఇళ్లలోని ఫోన్లలో కూడా అదే ఉంటుంది. దాని గొప్పతనమేమిటంటే, పట్టికలన్నీ కలిపి ఒకే ఫైలు. కాబట్టి మన ప్రయోగానికి బాగా నప్పుతుంది.

కంప్యూటర్ మాస్టారిని అడిగి, 30 మంది కల్పిత విద్యార్థులతో ఒక పట్టిక తయారుచెయ్యండి. క్రమసంఖ్య, పేరు, పుట్టిన తేదీ ఉంటే చాలు. ఇద్దరికి ఒకే పేరు పెట్టండి. ఒకరి తేదీ ఖాళీగా వదలండి. తర్వాత ఆ ఫైలును వాడుతున్న కార్యక్రమాలన్నీ మూసి, ఫైలుకు నకలు తీయండి. మూయకుండా తీస్తే సగం రాసిన పేజీ నకలులోకి రావచ్చు.

ఇప్పుడు నకలును తెరిచి, ‘మొదలుపెడుతున్నాను’ అని చెప్పి, ‘వేర్’ లేని ఆజ్ఞ ఒకటి ధైర్యంగా ఇవ్వండి. ఎన్ని వరసలు మారాయో లెక్కపెట్టండి. రోల్‌బ్యాక్ చెయ్యండి. పాత తేదీలు తిరిగొచ్చాయా? మళ్లీ అదే ఆజ్ఞ ఇచ్చి, ఈసారి కమిట్ చేసి, ఆపైన రోల్‌బ్యాక్ చేసి చూడండి.

ఆ పాడైన నకలును తీసేసి, అసలు నుంచి కొత్త నకలు తీసుకోండి. ఇప్పుడొక ఆట. మీరు అటు తిరిగి నిలబడండి. మీ స్నేహితుడు రెండు ఫైళ్లకూ తనకు తోచిన పేర్లు పెట్టాలి, ఏది ఏదో కాగితం మీద రాసి దాచుకోవాలి. మీరు రెండు పట్టికలనూ తెరిచి, ఏది అసలో ఏది నకలో చెప్పాలి. ఎంతసేపు చూసినా చెప్పలేరు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే మరి. కావాలంటే ఆట మళ్లీ మొదలుపెట్టి, నకలులో ముందుగా ముప్ఫై ఒకటో విద్యార్థిని చేర్చుకోండి. పేరు ‘చిత్తు రాముడు’ అని పెట్టండి. ఈసారి చెప్పడానికి ఎన్ని సెకన్లు పడుతుందో మీ స్నేహితుడిని గడియారం చూడమనండి.